పత్తి లేని పత్తి ఆట

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏం నేర్చుకున్నారని అడిగితే కాసేపు ఆలోచించాలి గాని, దిగిపోయే ముందు ఏం నేర్చుకున్నారని అడిగితే టక్కున చెబుతాను. కంప్యూటరు ఆట తయారు చేయడం నేర్చుకున్నాను. నేను కంప్యూటర్లతో బతికినవాణ్ని కాదు, మండల వ్యవసాయాధికారిగా చేసి రిటైరయ్యాను. ఆటలు తయారు చేయాలన్న ఆశతో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి, వారం తిరక్కుండానే "ఇది మన వల్ల కాదు" అని నీరుగారిపోయే పిల్లలు ఈ మధ్య చాలామంది తగులుతున్నారు. ఈ నాలుగు ముక్కలు వాళ్ల కోసమే. వాళ్లకంటే మొద్దు విద్యార్థి ఒకడు ముందే ఈ దారిన నడిచాడని తెలిస్తే కాస్త ధైర్యం రావచ్చు.

నా చివరి పోస్టింగు నల్లగొండ జిల్లాలో, కేతేపల్లికి అవతల ఒక మండలం. నీళ్లు పారే చోట వరి, పారని చోట పత్తి. తెలంగాణ వచ్చింది, తర్వాత కొత్త జిల్లాలు వచ్చాయి, ఆ తర్వాత రైతుల మీటింగుల కోసం రైతువేదికలు కట్టారు. పైన ఫ్యాన్లు, కింద కుర్చీలు, చేతికి మైకు. అంతకుముందు బడి వరండాలో నిలబడి గొంతు పోయేదాకా మాట్లాడేవాణ్ని. మైకు వచ్చాక గొంతు పోవడం మానింది, ఉపన్యాసం రెండింతలైంది.

ఆ ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. పత్తిచేనులో కనిపించే ప్రతి పురుగూ శత్రువు కాదు. ఆకు అడుగున గుంపుగా చేరి రసం పీల్చే పేనుబంక శత్రువు. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలతో బొట్టుబిళ్లంత ఉండే అక్షింతల పురుగు మిత్రుడు. అది పేనుబంకను తిని బతుకుతుంది. పురుగు కనిపించీ కనిపించకముందే మందు కొడితే ముందు చచ్చేది మిత్రుడే, కాపలా పోయాక దొంగలు రెట్టింపవుతారు. ఇది నేను నౌకరీ అంతా చెప్పాను. రైతులు నా నౌకరీ అంతా తలూపారు. తలూపి, ఇంటికి పోయి పంపు భుజానికి ఎత్తుకున్నారు.

ఒక వానాకాలం, ఎండ నడినెత్తిన ఉండగా, గాలికి ఎదురుగా, మూతికి గుడ్డయినా కట్టుకోకుండా మందు కొట్టిన రైతు ఒకాయన చేనులోనే పడిపోయాడు. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారని తెలిసి చూడటానికి వెళ్లాను. గండం గడిచింది. మంచం మీద లేచి కూర్చున్నాడు, కళ్లు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కన ఆయన భార్య. నా మీటింగుల్లో ముందు వరుసలో కూర్చునే మనిషే. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీ మీటింగుకు వచ్చినం సార్. మీరిచ్చిన కాయితం గూడ ఇంట్ల ఉన్నది," అంది. "గని చేన్ల పురుగు కనవడ్డంక మనసు నిలువదు. చుట్టుపక్కలోల్లు అందరు కొడుతుంటే మనం ఊకె ఎట్ల కూసుంటం?"

దెప్పిపొడవడానికి అన్న మాట కాదు, నిజంగానే అడిగింది. తీసుకెళ్లిన పండ్లు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాతి మీటింగులో మళ్లీ అదే ఉపన్యాసం. వెనక వరుసల్లో అందరూ తలలు వంచుకుని ఉన్నారు. రాసుకుంటున్నారేమోనని నాకు ఉత్సాహం వచ్చింది. మా ఆఫీసులో విస్తరణాధికారిగా చేసే అమ్మాయి మెల్లగా వెనక్కి వెళ్లి చూసి, తిరిగి వచ్చి నా చెవిలో చెప్పింది.

"రాసుకుంటలేరు సార్. ఫోన్ల రంగురంగుల గోలీలు పేలుస్తున్నరు."

ఈ అమ్మాయి గురించి చెప్పాలి. ఆలేరు వైపు మగ్గం నేసే ఇంటి పిల్ల. "మీ ఇంటి పిల్లలకు డిజైన్లు చేతిలోనే ఉంటాయట కదా" అని ఎవరన్నా అంటే చిర్రెత్తుకొచ్చేది. "నేసుడు మా బాపుకు వచ్చు. నాకు గుండీ కుట్టుడు గూడ రాదు," అనేది. కాలేజీలో ఉండగా వీడియోలు చూసి సొంతంగా ఆటలు తయారు చేయడం నేర్చుకుందట. ఆటల కంపెనీలో చేరాలని కోరిక. ఈలోగా వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చింది, ఇంట్లోవాళ్లు "చేతికొచ్చిన నౌకరీ ఇడుస్తరా" అన్నారు. ఆ కోరిక లోపల అట్లాగే ఉండిపోయింది.

ఆ రోజు ఆఫీసుకు తిరిగి రాగానే నేను గొణగడం మొదలుపెట్టాను. ఆమె వింటూ వింటూ అంది: "సార్, వాల్లు ఆటలే ఆడుతున్నరు గద. మనమే పత్తి ఆట ఒకటి చేద్దాం."

"చెయ్యమ్మా, మంచిగుంటది."

"నేను చెయ్య. మీరు చేస్తరు. నేను చేస్తే నా ఆట అయితది. చేన్ల ఏ పురుగు ఎప్పుడు ఏం చేస్తదో మీకు ఎరుక. నాకు మూడేండ్ల అనుభవం, మీకు జీవితమంత."

నేను కంప్యూటరులో నివేదికలు పంపడం తప్ప ఎరుగను. నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనమయ్యాక పాఠం. ఇంగ్లీషులో పేరాలు పేరాలు రాసే పద్ధతి కాదు. ఒక్కో ఆజ్ఞ ఒక్కో ముక్కగా తెర మీద ఉంటుంది, ఒకదాని కింద ఒకటి అతికించాలి. మొదటి రోజు అక్షింతల పురుగు బొమ్మ పెట్టి, "ఎప్పటికీ ముందుకు నడువు" అని అతికించాను. నడిచింది. నా మాట విని ఒక పురుగు నడవడం అదే మొదటిసారి. చిన్నపిల్లవాడిలా సంబరపడుతుండగానే అది తెర అంచు దాటి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు.

"ఎటు పాయె?"

"తిరిగి రమ్మని మీరు చెప్పలే గద సార్."

అట్లా మొదలైంది. "ఇట్లయితే అట్ల చెయ్యి" అనే ముక్క నేర్చుకున్నాను. అంచు తగిలితే తిరుగు, పేనుబంక తగిలితే తిను. అది బాగా నచ్చింది, ఎందుకంటే వ్యవసాయమంతా అదే. వాన పడితే విత్తు, పడకపోతే ఆగు. తర్వాత పాయింట్ల కోసం డబ్బా పెట్టడం. విలువలు దాచుకునే జాగాను ఆమె డబ్బా అనేది. పురుగు చచ్చిన ప్రతిసారీ డబ్బాలో ఒకటి వేయాలి. వేశాను. తెర మీద సున్నా కదలదు. మరో పురుగును చంపాను. సున్నా. కంప్యూటరు పాడైందని తీర్పు చెప్పాను. ఆమె చూసి, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"రెండు డబ్బాలు చేసిండ్రు సార్. ఒకటి 'పాయింట్లు', ఇంకోటి 'పాయంట్లు'. ఒకదాంట్ల ఏసి ఇంకోదాంట్ల ఎతుకుతున్నరు."

పిల్లలూ, మీకూ ఇది జరుగుతుంది. కంప్యూటరును తిట్టే ముందు గుడి ఇచ్చారో లేదో చూసుకోండి.

కొన్ని నెలలకు ఆట ఒక రూపానికి వచ్చింది. తెరనిండా పత్తి ఆకులు. పేనుబంక పుడుతుంది, పిల్లలు పెడుతుంది. అక్షింతల పురుగులు తిరుగుతూ తింటుంటాయి. ఆడేవాళ్లు వేలితో నొక్కి శత్రువును చంపితే ఒక పాయింటు. పొరపాటున మిత్రుణ్ని చంపితే అయిదు కోత. కింద ఒక ఎర్ర బటన్. అది నొక్కితే మందు కొట్టినట్టు, తెర మీద ఉన్నవన్నీ చస్తాయి. మందు కొడితే మిత్రులు కూడా చచ్చి పాయింట్లు పోతాయి కాబట్టి ఎవరూ ఆ బటన్ జోలికి వెళ్లరని నా లెక్క. ఫోన్లలో తెరుచుకునేలా ఆమె చేసిపెట్టింది.

ఈ సంగతి మా ఏడీ గారికి, అంటే నా పై అధికారికి, తెలిసింది. నవ్వితే ఎవరైనా సంజాయిషీ అడుగుతారేమో అన్నట్టుండే మనిషి. "రైతువేదికలో చూపించండి, నేనూ వస్తాను. బాగుంటే జిల్లా అంతా తిప్పుదాం," అన్నారు. ఆ మాటకు నా ఛాతీ కొంచెం ఉబ్బిన మాట నిజం.

ఆ రోజు హాలు నిండింది. గోడ మీద ప్రొజెక్టరు వెలుగు, రైతుల చేతుల్లో ఫోన్లు. ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాళ్లకు స్టీలు టిఫిను డబ్బా బహుమతి అని ప్రకటించాను. నా జీవితంలో మొదటిసారి నా మీటింగులో ఎవరూ ఆవలించలేదు. "అరె, గది మనోడు, నువ్వెందుకు సంపినవ్!" అని పక్కవాళ్లను తిట్టుకుంటున్నారు. చాలామందికి ఇరవై, ముప్పై పాయింట్లు వచ్చాయి. దవాఖానలో చూసిన ఆ రైతు భార్యకు మాత్రం వందలు దాటిపోతున్నాయి.

"శభాష్," అన్నారు ఏడీ గారు. "విషయం ఈమెకు అర్థమైంది. ముందుకు రమ్మనండి, అందరికీ చూపించమనండి."

ఆమె కొంగు సవరించుకుని వచ్చి, గోడ మీద ఆట కొత్తగా మొదలుపెట్టింది. మొదటే అక్షింతల పురుగులను ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చంపడం మొదలుపెట్టింది. పాయింట్లు సున్నా కిందికి దిగాయి. గాభరాపడిందేమో అనుకున్నాను.

"అమ్మా, అవి మిత్ర పురుగులు."

"ఎరుకే సార్. గందుకే ముందుగాల గీటిని తీసేస్తున్న. ఉంటే మన పురుగులను తింటయి."

"మన పురుగులా?"

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. గోడ మీద పేనుబంక పిల్లలు పెట్టింది, ఆ పిల్లలు పిల్లలు పెట్టాయి. ఆకులు కనిపించడం మానేశాయి.

"ఇంకా కొట్టవేమమ్మా?" అని ఏడీ గారు అడిగారు.

"జర ఆగుండ్రి సార్. ఇంక పెరగనీయుండ్రి."

గోడంతా నల్లబడ్డాక ఎర్ర బటన్ నొక్కింది. పాయింట్లు ఆటో మీటరులా గిర్రున తిరిగాయి. హాలంతా చప్పట్లు, ఈలలు. ఆమె మా వైపు తిరిగి ఓపిగ్గా వివరించింది: "గంతే సార్. మల్ల పెంచుడు, మల్ల కొట్టుడు. ఒక్కొక్కటి నొక్కుకుంట కూసుంటే ఏమొస్తయి పాయింట్లు? గీ ఆటల మందు కొట్టినోల్లదే గెలుపు."

మిగతా రైతులు అప్పటికే తమ ఫోన్లలో అక్షింతల పురుగులను ఏరి చంపుతున్నారు.

ఏడీ గారు గోడను చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు వంగి, చాలా మర్యాదగా అడిగారు: "ఏఓ గారూ, ఈ పత్తి ఆటలో పత్తి ఎక్కడుందండీ?"

చూశాను. ఆకులున్నాయి, అవీ అలంకారానికి. పూత లేదు, కాయ లేదు. పురుగు ఎంత తిన్నా చెట్టుకు ఏమీ కాదు. పురుగుల లెక్క తప్ప పంట లెక్క నేను ఎక్కడా పెట్టలేదు. జీవితమంతా పత్తి గురించే మాట్లాడినవాణ్ని, పత్తినే మరిచిపోయాను.

"దీన్ని ఇంకో ఊళ్లో చూపించకండి," అని ఏడీ గారు టీ తాగకుండా వెళ్లిపోయారు. టిఫిను డబ్బా మాత్రం ఆమెకే ఇచ్చాం. న్యాయంగా ఆమెదే.

ఆఫీసుకు వచ్చాక మా విస్తరణాధికారి బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతూనే ఉంది. 'మన పురుగులు' అనబోయి మళ్లీ మళ్లీ నవ్వులో పడిపోతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఇగ చాలమ్మా. ఆపేద్దాం. రెండేండ్లల్ల దిగిపోయేటోనికి గియ్యన్ని ఎందుకు?"

ఆమె తల ఎత్తింది. కళ్లు తుడుచుకుంది. "తప్పు కనవడ్డంక ఆపుడేంది సార్? కనవడకుండ ఉండి, జిల్లా అంత తిప్పినమనుకోండ్రి, గప్పుడు గద పరేషాన్ కావాలె. ఆడేటోల్లు మీరు చెప్పింది వినరు. దేనికి పాయింట్లు ఇస్తరో గదే చేస్తరు."

నా ఉపన్యాసాలన్నిటికీ కలిపి ఎవరూ ఇంత చిన్న సమీక్ష రాయలేదు. మర్నాడు మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాను.

పురుగుకు పాయింట్లు తీసేశాను. చెట్టుకు కాయలు పెట్టాను. ఆకు మీద పేనుబంక మితిమీరితే కాయ రాలుతుంది. చివరికి ఎన్ని కాయలు నిలిస్తే అదే గెలుపు. మందు కొడితే మిత్రులు చాలాసేపటి వరకు తిరిగి రారు, శత్రువులు మాత్రం తొందరగా వస్తారు. అంతా చేసి, ఎవరికి చూపించాలో ఆలోచించనక్కర లేకపోయింది. ఇద్దరం ఆ రైతు ఇంటికే వెళ్లాం. పరిష్కారం పనికొస్తుందో లేదో చెప్పగలిగేది పాత ఆటను పడగొట్టిన మనిషే.

రైతు భార్య వాకిట్లో మంచం వేసింది. ఆయన పక్కన కూర్చున్నాడు. కళ్లు బాగయ్యాయి గాని ఎండలోకి వెళ్తే ఇంకా నీళ్లు కారుతున్నాయట. ఆమె ఫోన్ తీసుకుని పాత ఎత్తే వేసింది. మిత్రులను చంపింది, శత్రువులను పెంచింది. ఎర్ర బటన్ నొక్కేలోపే కాయలన్నీ రాలిపోయాయి.

"గిదేంది సార్! మంచిగున్న ఆటను ఖరాబు చేసిండ్రు!"

ఆయన నవ్వాడు. ఆమెకు పౌరుషం వచ్చింది. రకరకాలుగా ఆడింది, ఓడింది. చివరకు విసుగొచ్చి ఫోన్ మంచం మీద పడేసి టీ పెట్టడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి అక్షింతల పురుగులు వాటి పని అవి చేసుకుని, కాయలన్నీ నిలిచి, తెర మీద 'గెలిచారు' అని ఉంది. నాకు ఆనందం, ఆమెకు అవమానం.

"ఏం చెయ్యకుంటెనే గెలుస్తనా? గిది ఆటేనా సార్? గిట్ల ఊకె కూసునుడు పిల్లి గూడ చేస్తది."

దారిలో మా విస్తరణాధికారి అంది, ఈసారి నవ్వకుండా: "ఆమె చెప్పింది నిజమే సార్. చెయ్యనీకె పని లేకుంటే ఆట కాదు. మనం ఏం చెయ్యమంటున్నం వాల్లను?"

బండి ఆపి మరీ ఆలోచించాను. ఊరికే కూర్చోమని నేను ఎన్నడూ అనలేదు. ఆకు తిప్పి చూడమన్నాను. ఎన్ని పురుగులున్నాయో, వాటిని తినేవి ఎన్నున్నాయో చూసి, అప్పుడు తేల్చుకోమన్నాను. ఆ చూడటమే ఆటలో లేదు.

మూడోసారి ఆకులన్నీ బోర్లించి పెట్టాం. పురుగులు కనిపించవు. వేలితో ఒక్కో ఆకు తిప్పితేనే అడుగున ఏముందో తెలుస్తుంది. ఒకసారి మిత్రులు బోలెడు ఉంటారు, ఆగాలి. ఒకసారి ఎవరూ ఉండరు, మందు కొట్టక తప్పదు. ప్రతిసారీ వేరేగా రావడానికి "ఏదో ఒక అంకె ఎంచుకో" అనే ముక్క ఉంటుంది. "చిట్టీ తీసినట్టు సార్," అని ఆమె నేర్పింది. చిట్టీ చొప్పున చేను మారేది, ఒకసారి నీళ్లున్నది, ఒకసారి నీళ్లు లేనిది.

ఈసారి ఆ ఇంట్లో ఎవరూ తిట్టలేదు. ఫోన్ కోసం మొగుడూ పెళ్లాలు తగువుపడ్డారు.

మరుసటి వానాకాలం పత్తి మోకాలెత్తుకు వచ్చింది. ఒక పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుండగా ఆ రైతు భార్య ఫోన్ చేసింది.

"సార్, ఆకులు తిప్పి చూసిన. పేనుబంక మస్తుగున్నది. అక్షింతల పురుగులు గూడ ఉన్నయి. మా ఆయన పంపు కడిగి పెట్టిండు. ఏం చెయ్యమంటరు?"

"మీకేం అనిపిస్తుందమ్మా?"

"ఆగుదామనే అనిపిస్తాంది. గని భయమైతాంది సార్. మీ ఆటల ఓడిపోతే మల్ల మొదలువెట్టొచ్చు. గీడ మొదలువెట్టరాదు గద."

దానికి ఫోన్‌లో చెప్పే సమాధానం ఉండదు. విస్తరణాధికారిని కూడా రమ్మని నేరుగా చేనుకు వెళ్లాను. నలుగురం నాలుగు సాళ్లలో నడుస్తూ ఆకులు తిప్పాం. ఒకచోట రైతు భార్య ఆగి, ఒక ఆకు నా ముందు పట్టుకుంది. దాని మీద బూడిద రంగులో, నారింజ మచ్చలతో, మొసలిపిల్లలాంటి చిన్న పురుగు.

"గిది ఏంది? గిది మీ ఆటల లేదు."

అక్షింతల పురుగు పిల్ల అది. పెద్దదానికంటే ఎక్కువ పేనుబంకను తినేది. దాన్ని ఆటలో పెట్టడమే మరిచాను. "పెట్టుండ్రి సార్, లేకుంటే మావోల్లు గీటిని ముందుగాల చంపుతరు," అంది. చేనంతా అవే ఉన్నాయి.

మందు కొట్టొద్దని నేను ఎన్ని వందల మందికి చెప్పానో. కాని చేను మధ్యలో నిలబడి, ఆ చేను మీదే బతికే ఇద్దరి ముఖాలు చూస్తూ చెప్పడం వేరు. అయినా చెప్పాను: "మూడు దినాలు ఆగుదాం. రోజు పొద్దున ఆకులు చూసి నాకు ఫోన్ చెయ్యుండ్రి. పెరిగితే నేనే వచ్చి దగ్గరుండి కొట్టిస్త."

ఆయన పంపు వంక చూశాడు, భార్య వంక చూశాడు. "సరే సార్," అన్నాడు.

మొదటి పొద్దున ఆమె ఫోన్ చేసింది: అట్లనే ఉన్నయి. రెండో పొద్దున: అట్లనే ఉన్నట్టున్నయి. నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ దిష్టి తీస్తానంది. మూడో పొద్దున ఫోన్ రాలేదు. కాసేపు ఓర్చుకుని నేనే చేశాను. ఆయన ఎత్తాడు.

"ఆమె చేన్లనే ఉన్నది సార్. ఫోన్ ఇడిసిపెట్టి పోయింది. పేనుబంక సగం గూడ లేదు. పక్క చేనోల్లను పిలిచి ఆకులు తిప్పి చూపిస్తాంది. నేను పంపు గోడకు తగిలేసిన."

ఫోన్ పెట్టేశాక మా విస్తరణాధికారికి చెబితే, ఆ అమ్మాయి బయటికి వెళ్లి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది.

నా ఆట వల్ల జిల్లా మారిపోయిందని కోతలు కోయను. ఆ ఏడే కాయల్లో గులాబీ రంగు పురుగు పడితే వాళ్లు కూడా మందు కొట్టారు. కాకపోతే సాయంత్రం పూట, గాలి వాలున, మూతికి గుడ్డ కట్టుకుని. ఆటను ఒక అయిదారు ఊళ్లలో ఆడారు, అంతే. మూడో ఆటను చూసి ఏడీ గారు పెద్దగా ఏమీ అనలేదు. వారం తర్వాత ఏదో పనిమీద ఫోన్ చేసి, చివర్లో గొంతు తగ్గించి, "అందులో నీళ్లు లేని చేను వచ్చినప్పుడు ఎట్లా గెలవాలండీ?" అని అడిగారు. విస్తరణాధికారికి ఆత్మకూరు వైపు బదిలీ అయింది. అక్కడ వేరుశనగ రైతుల కోసం తను సొంతంగా ఆట చేస్తోంది. అది నిజంగా తన ఆట.

నా పదవీ విరమణ సభకు ఆ భార్యాభర్తలిద్దరూ వచ్చారు. శాలువాలు, దండలు, పొగడ్తలు అయ్యాయి. రైతుల తరఫున ఎవరైనా మాట్లాడమంటే ఆమె లేచి మైకు అందుకుంది.

"సార్ మంచోడు. గందరు చెప్పిండ్రు, నేనేం చెప్ప. నేను అడిగేది ఒక్కటే. పత్తిది అయిపాయె, కందికి ఎప్పుడు చేస్తరు?"

"నేను రిటైర్ అయిపోతున్న గదమ్మా," అన్నాను.

"గదే గద సార్! ఇగ మీకేం పని? టైమే టైము."

సభంతా గొల్లుమంది. ఏడీ గారు కూడా పళ్లు కనిపించేలా నవ్వారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి, కందిచెట్టు బొమ్మ గీయడం మొదలుపెట్టాను.